ముందున్న ఖాళీ ఎవరిది?

హైదరాబాదు దక్కను అని రైల్వేవారును నాంపల్లి అని లోకమును పిలుచు స్టేషను వెలుపల, చెన్నపురి బండి దిగిన జనము పెట్టెలతోను బిడ్డలతోను రోడ్డుమీదికి వచ్చు ఉదయవేళ ఒక్క పావుగంటసేపు ఊరక నిలిచి చూచినవారికి, మన నగరవాసి వాహనము నడుపుటలో ఎంతటి నేర్పరియో వేరుగా చెప్పనక్కరలేదు. ఆటోవాడు ఎడమకు తిరుగదలచినచో దీపము వెలిగింపడు. ఎడమకాలు చెప్పుతో సహా బయటికి చాచి రెండు మారులు ఆడించును. వెనుక వచ్చు స్కూటరువాడు ఆ పాదము చేయునది ఆజ్ఞయో అభ్యర్థనయో విచారింపక తన బండిని జానెడు కుడికి జరుపును. స్టాపునుండి సిటీ బస్సు కదలవలసివచ్చినప్పుడు కండక్టరమ్మ కిటికీలోనుండి చేయి చాచి, రేకుమీద అరచేతితో రెండు దెబ్బలు చరచి 'రైట్, రైట్' అనగానే అంతవరకు దానిని ఒరసికొని పోవుచున్న కార్లు ఎట్లో ఒక బస్సు పట్టునంత చోటిచ్చును. బైకు వెనుక కూర్చున్న కుర్రవాడు 'అన్నా, జర ఆగు' అని వ్రేలు చూపినంతమాత్రమున అంతటి లారియు తటపటాయించును. ఇన్ని వందల బండ్లు, ఇందరు పాదచారులు, ఇన్ని తోపుడుబండ్లు ఒండొంటిని రాచుకొనక, రాచుకొన్నను పెద్దగా పట్టించుకొనక సాగిపోవుట చూచి, ఇది అరాచకమని పెదవి విరుచు పరదేశి కంటె, ఇది ఎడతెగని సంప్రదింపు అని గ్రహించు పరదేశియే తెలివిగలవాడని నా అభిప్రాయము.

అయితే ఈ సంప్రదింపు సాగుటకు కారణ మొక్కటే: నాంపల్లిలో ఎవ్వరికిని వేగము లేదు. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున పోవు బండి ఒక సెకనులో ఐదున్నర మీటర్లు మాత్రమే కదలును. అంతటి మందగమనమున కన్ను కన్నును కలుసుకొనుటకును, బుద్ధి ఒక నిర్ణయమునకు వచ్చుటకును, కాలు బ్రేకును త్రొక్కుటకును వ్యవధి చాలును. చాలకపోయినను నష్టము బంపరు సొట్టతోను, 'ఏం అన్నా, కండ్లు కనవడ్తలేవా?' అను ప్రశ్నతోను, దానికి తగిన ప్రత్యుత్తరముతోను తీరిపోవును.

నాంపల్లిలో ప్రయాణికుని ఎక్కించుకొన్న క్యాబు మల్లేపల్లి, మాసాబ్ ట్యాంకుల మీదుగా మెహిదీపట్నము చేరి, పి.వి. నరసింహారావు పేర 2009 అక్టోబరులో తెరువబడిన ఎక్స్‌ప్రెస్ మార్గమెక్కినదనుకొందము. 11.6 కిలోమీటర్ల ఆ ఎత్తువంతెన మీద సిగ్నలు లేదు, చౌరస్తా లేదు, అడ్డము వచ్చు తోపుడుబండి లేదు. ఇంకను ముందుకు పోయి, నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిని, అందరును ఓఆర్ఆర్ అని పిలుచుకొను ఆ రోడ్డును ఎక్కినచో, గంటకు 120 కిలోమీటర్ల వరకు అనుమతి కలదు. ఆ వేగమున బండి సెకనుకు 33 మీటర్లు పోవును. అచ్చట ముఖము కనబడదు. వ్రేలు చూపినను, పాదము చాచినను ప్రయోజనము లేదు. తాకిడిలోని శక్తి వేగము యొక్క వర్గమును అనుసరించునని బడిలో చదివితిమి కదా. 20 వేగమున తగులు దెబ్బకంటె 100 వేగమున తగులు దెబ్బ ఐదింతలు కాదు, ఇరువదియైదింతలు. గంట క్రిందట జానెడు సందులో బండిని దూర్చి ప్రయాణికుని మెప్పుపొందిన చేయియే ఇప్పుడును స్టీరింగుపై నున్నది. అది నేర్చిన విద్య మాత్రము నాంపల్లి విద్య. ముందు ఖాళీ కనబడినచో అది తనకొరకే ఏర్పడినదనియు, తాను ఆక్రమింపకున్న మరియొకడు ఆక్రమించుననియు, ఒకసారి చక్రము దూర్చినపిమ్మట తక్కినవారే సర్దుకొందురనియు ఆ విద్యయందలి మూడు సూత్రములు. నాంపల్లిలో ఇవి పని జరిపించును. ఓఆర్ఆర్ మీద ఇవే ప్రాణము తీయును.

దారి ఎవరిది అను వివాదము మోటారుతో పుట్టినది కాదు. మనుస్మృతి రెండవ అధ్యాయములో ఎవరెవరికి దారి ఇచ్చి తొలగవలెనో ఒక పట్టికయే కలదు: బండిమీద పోవువానికి, తొంబది దాటిన వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికొడుకునకు. వీరందరు ఒకచో తారసిల్లినచో రాజును స్నాతకుడును మాన్యులనియు, ఆ ఇద్దరే ఎదురుపడినచో రాజు తొలగవలెననియు దాని తరువాతి శ్లోకము. ఇంత చక్కగా శాసించినను ఏమి జరిగినదో భారతము ఆదిపర్వములోని కల్మాషపాదుని కథ చెప్పుచున్నది. వేటకు పోయి అలసి వచ్చుచున్న రాజునకు, ఒక్కడే పోదగిన ఇరుకు త్రోవలో, వసిష్ఠుని జ్యేష్ఠపుత్రుడైన శక్తి ఎదురయ్యెను. తొలగుమని రాజు, ధర్మము తెలిసి నీవే తొలగుమని ముని. ఇద్దరును నిలిచిరి. రాజు కొరడాతో కొట్టెను. ముని నరమాంసభక్షకుడవు కమ్మని శపించెను. స్మృతిని బట్టి చూచిన న్యాయము శక్తి పక్షముననే యున్నది. అయినను రాక్షసుడైన రాజు నోట తొట్టతొలుత పడినవాడు ఆ శక్తియే. ఆబిడ్స్ పెద్దపోస్టాఫీసు చౌరస్తాలో పచ్చదీపము తనదే గనుక బస్సు ముందరకు స్కూటరును నడిపించు ధీరుని చూచినప్పుడెల్ల నాకీ కథ జ్ఞప్తికి వచ్చును. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. తప్పేమియు చేయక తమ దారిన తాము పోవుచుండినవారును వారిలో కలరు.

నాంపల్లి, ఆబిడ్స్ రోడ్లు ఇంతటి సమ్మర్దమునకై పుట్టినవి కావు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఆంతరంగిక పరిచారకుడుగా నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ తెరచిన దుకాణము పేరే ఈ పేటకు నిలిచినది. ఆనాడు ఆ దుకాణము ముంగిట ఆగునవి గుఱ్ఱపుబండ్లు. 1908 నాటి మూసీ వరద పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వీథులను వెడల్పుచేసినది; 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి; 1935లో మొజంజాహి మార్కెట్టు లేచినది. పిమ్మట వీథి పెరుగలేదు, బండ్లు పెరిగినవి. 2018 సెప్టెంబరు నుండి నాంపల్లి రోడ్డుకు పైన మెట్రో నడచుచున్నది. దాని స్తంభములు రోడ్డు నడుమ నిలిచినవి. కాలిబాట అను పేర నున్న స్థలమున ఏమి యున్నదో చూడదలచినవారు ఆదివారమునాడు ఆబిడ్స్‌కు రావలెను: దుకాణములు మూతపడగా వాని మెట్లముందు పాత పుస్తకములు రాసులుగా పరచుకొని యుండును. పుస్తకప్రియుడనగుటచే ఆ ఆక్రమణను నిందించుటకు నాకు మనసొప్పదు. కాని బేరము తెగక ఒక్క అడుగు వెనుకకు వేసిన పాఠకుని మడమ నేరుగా బస్సు దారిలో పడునన్నది కూడ నిజమే. ఆదివారము వీథి ఖాళీగా నుండునని వేగము పెంచువారు ఈ మడమను గుర్తుంచుకొందురు గాక.

సమ్మర్దమునకు కారణము బండ్ల సంఖ్యయే అని సామాన్యుల నమ్మకము. అది సగమే నిజము. జపానులో నాగోయా విశ్వవిద్యాలయమునకు చెందిన యూకీ సుగియామాయు ఆయన సహచరులును 230 మీటర్ల చుట్టుకొలతగల వలయమార్గమున 22 కార్లను నిలిపి, అందరును గంటకు 30 కిలోమీటర్ల సమవేగమున నడుపుడని మాత్రము చెప్పిరి. అచ్చట సిగ్నలు లేదు, ఇరుకు లేదు, అడ్డుపడువారు లేరు. మొదట చక్కగానే తిరిగినవి. కొంతసేపటికి ఒకరు రవంత నెమ్మదించిరి. వెనుకనున్నవారు ఇంకొంత ఎక్కువగా బ్రేకు త్రొక్కిరి. వారి వెనుకనున్నవారు ఏకముగా ఆగిపోయిరి. ఆ ఆగుట అనునది కెరటమై, కార్లు ముందుకు పోవుచుండగా తాను వెనుకకు, గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమున ప్రాకుచు పోయినది. 2008లో ప్రకటితమైన ఈ పరిశోధనను నేను చదివిన దినమున లక్డీకాపూల్ వద్ద నిత్యము కలుగు సందేహమొకటి తీరినది. అసెంబ్లీ ముంగిట ఒక బైకువాడు కట్ కొట్టును. బస్సు డ్రైవరు బ్రేకు త్రొక్కును. బస్సును ఆనుకొని వచ్చుచున్న కారువాడు, తనకు మిగిలిన ఖాళీ రెండు మూరలే గనుక, ఉలికిపడి త్రొక్కును. ఆ ఉలికిపాటు ఒకరినుండి యొకరికి పెరుగుచు ఐదు నిమిషములకు లక్డీకాపూల్ చేరును. అచ్చట ఆగినవాడు ముందేమైనదో అని మెడ చాచి చూచును. ముందేమియు కాలేదు. బైకువాడు అప్పటికి గాంధీభవనము దాటి పోయియుండును. తాను ఇంతమందిని ఆపితినని వానికి ఎన్నటికిని తెలియదు.

ఈ కెరటమును మ్రింగివేయగలిగినది ఒక్కటే వస్తువు, ముందున్న ఖాళీ. తనముందు తగినంత చోటు వదలి వచ్చువాడు బ్రేకు త్రొక్కనక్కరలేదు, యాక్సిలరేటరుపై పాదము కొంచెము తేల్చిన చాలును. అతని వెనుకనున్నవారికి ఏమి జరిగినదో తెలియనే తెలియదు. కాబట్టి ఆ ఖాళీ అతనిది కాదు, వెనుక వచ్చువారిది. అతని వద్ద అది నిక్షేపముగా మాత్రమే యున్నది. ఎంత చోటు వదలవలెనన్న లెక్కకు కొలబద్ద అక్కరలేదు. ముందు బండి ఒక స్తంభమును దాటిన క్షణమునుండి 'వేయిన్నొకటి, వేయిన్నిరెండు' అని తీరికగా లెక్కించుచు, ఆ మాట ముగిసిన పిమ్మట తాను ఆ స్తంభమును చేరినచో రెండు సెకనుల దూరమున్నట్లు. 100 వేగమున అది 55 మీటర్లు. వానలో దానిని రెట్టింపు చేయవలెను.

'అంత ఖాళీ వదలినచో మరియొకడు దూరును కదా' అని వెంటనే ఆక్షేపింతురు. దూరును, సందేహమేమి? ఒకడు దూరినచో, మరల దూరము సరిచేసికొనుటకు మనము కోల్పోవునది సుమారు రెండు సెకనులు. నాంపల్లి నుండి విమానాశ్రయమునకు పోవులోపల ముప్పదిమంది దూరిరనుకొన్నను నష్టము ఒక్క నిమిషము. ఆ నిమిషమును కాపాడుకొనుటకై దారి పొడవునను పళ్లు బిగించి ముందుబండి తోకను పట్టుకొని పోవు పెద్దమనుషులు, విమానాశ్రయము చేరి టీ కొట్టు ముందర పావుగంట నిలుచుందురు.

ప్రక్క వరుస తనదానికంటె వేగముగా పోవుచున్నదను భ్రమయు ఇట్టిదే. డొనాల్డ్ రెడెల్మయర్ అను కెనడా వైద్యుడును, రాబర్ట్ టిబ్షిరానీ అను గణాంకశాస్త్రజ్ఞుడును 1999లో 'నేచర్' పత్రికలో దీని గుట్టు విప్పిరి. మన వరుస కదలినప్పుడు, ఆగియున్న ప్రక్కవారు ఒకరినొకరు ఆనుకొని యుందురు గనుక, పదిమందిని మూడు సెకనులలో దాటివేయుదుము. వారి వరుస కదలినప్పుడు వారు విడివిడిగా, ఒక్కొక్కరుగా, చాలసేపు మనలను దాటిపోవుచుందురు. రెండు వరుసలును ఒకే వేళకు గమ్యము చేరుచున్నను, దాటిన కాలముకంటె దాటబడిన కాలము ఎక్కువ. మనసు లెక్కించునది కాలమునే. దాటినవారు వెనుకబడి కంటికి కనబడరు, దాటిపోయినవారు కన్నులయెదుటనే యుందురు. ఇంతకు మించిన కారణమేమియు లేకయే మనవారు నిమిషమునకొక వరుస మార్చుచుందురు. మార్చిన ప్రతిమారు వెనుక ఒక కెరటము పుట్టించుచుందురు.

సంజ్ఞల సంగతి మరియొకటి. శాసనమునకొక భాష, రోడ్డుకొక భాష. కుడిదీపము వెలిగించిన లారీ కుడికి తిరుగుచున్నదని శాసనభాష. 'దాటిపొమ్ము, ఎదుట ఎవ్వరును లేరు' అని లారీలవారి పాత పరిభాష. రెంటిలో ఏది సత్యమో తెలిసికొనుటకు 80 వేగమున దొరకు వ్యవధి రెండు మూడు క్షణములు. డిప్పరు కొట్టుటయు అంతే. మన రోడ్లపై ఎదుటివాడు దీపము మెఱపించినచో 'నేను వచ్చుచున్నాను, ఆగుము' అని తాత్పర్యము. ఇంగ్లండులో అదే మెఱపును 'మీరు పొండు' అను మర్యాదగా గ్రహించువారు అనేకులు. అచ్చట రెండేండ్లు కారు నడపి వచ్చిన మన తెలుగు డాక్టరుగారు, ఇచ్చట లారీ మెఱపును ఔదార్యమని భ్రమించినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. అమెరికా పోయిన మనవారు నాలుగు దారుల కూడలిలో, పోలీసు లేకున్నను, ముందు వచ్చినవాడు ముందు పోవు క్రమమును వారము తిరుగకముందే అలవరచుకొందురు. శంషాబాదులో దిగిన మఱునాడే దానిని మఱచెదరు. దీనిని గుణహీనత అని నేను అనను. ఎదుటివాడును అదే నియమమును పాటించునను నమ్మకమున్నచోట నియమము సుఖము; ఆ నమ్మకము లేనిచోట ఒంటరిగా ఆగినవాడు వెనుకవారి హారనులకు గురి యగును.

ఆ నమ్మకము కొంతసేపైనను ఎట్లు కలుగునో 2020 నవంబరులో ఇదే ఆబిడ్స్ రోడ్డుమీద కనబడినది. సాయంకాలపు రద్దీలో రోగిని కొనిపోవు అంబులెన్సు ఒకటి చిక్కుకొనెను. అచ్చట పనిలో నున్న బాబ్జీ అను ట్రాఫిక్ కానిస్టేబులు దానిముందు పరుగెత్తసాగెను. పెద్దపోస్టాఫీసు వైపునుండి కోఠీ దిక్కుగా, ఒక్కొక్క బండివానికి చేయి చూపి జరుపుచు, పత్రికలు వ్రాసినదానిబట్టి సుమారు రెండు కిలోమీటర్లు పరుగెత్తెను. అంబులెన్సులోనుండి తీసిన ఆ దృశ్యము దేశమంతయు చూచినది, పై అధికారులు ఆయనను సన్మానించిరి. సన్మానము యోగ్యమైనదే. నాకు మాత్రము ఆ దృశ్యములో ఆయన కాళ్లకంటె ఆ కార్లే ఎక్కువ వింతగా తోచినవి. అంతవరకు సైరను మొరలిడుచున్నను అంగుళము కదలుటకు చోటులేనట్లు నిలిచిన కార్లు, ఒక మనిషి కిటికీ ప్రక్కకు వచ్చి చేయి ఊపగానే రెండేసి అడుగులు జరిగినవి. చోటు ముందునుండియు ఉన్నది. అడిగిన ముఖము లేకపోయినది. అంబులెన్సుకు దారి ఇయ్యనివారికి 2019 నాటి చట్టసవరణ పదివేల రూపాయల జరిమానా విధించినది; సైరను వినగానే ఎవ్వరెటు జరుగవలెనో తెలియనప్పుడు ఆ జరిమానా ఎవరిని కదలించును? జర్మనీలో పెద్దరోడ్లపై వేరు పద్ధతి: అంబులెన్సు వచ్చినపిమ్మట కాదు, వాహనములు నెమ్మదించిన తక్షణమే, ఒక అంచు వరుసవారు ఆ అంచుకును, తక్కినవారందరు రెండవ అంచుకును జరిగి నడుమ దారి వదలి నిలువవలెను. అవసరము పడినను పడకున్నను ఆ దారి ఉండవలసినదే. అచ్చట ఎవ్వరును పరుగెత్తనక్కరలేదు.

ఇవన్నియు మనకు నేర్పువారెవరు? నాగోలులోని రవాణాశాఖ పరీక్షామైదానమున అభ్యర్థి ఎనిమిది అంకె ఆకారమున కారు త్రిప్పవలెను. హెచ్ అక్షరము ఆకారమున ముందుకు పోయి వెనుకకు రావలెను. ఎత్తుమీద ఆపి వెనుకకు జారకుండ మరల కదలవలెను. కష్టమైన పరీక్షయే, తప్పినవారిని నేనెరుగుదును. కాని ఆ గీతల నడుమ అభ్యర్థి ఒక్కడే. వాని ముందర ఇంకొక బండి లేదు గనుక దూరము పాటించుట పరీక్షకు రాదు. ప్రక్కనుండి వచ్చి కలియువాడు లేడు గనుక చోటిచ్చుటయు రాదు. ఏకాకిగా నడుపుటకు పత్రము పుచ్చుకొని, ఆ సాయంకాలమే నాంపల్లిలో నుమాయిష్ రద్దీలో పడుచున్నాము. జనవరి మొదటి తేదీ నుండి ఫిబ్రవరి నడిమివరకు ఎగ్జిబిషను మైదానము ద్వారములముందు రెండు వరుసలు ఒకటిగా కలియు చోటనే అసలైన పరీక్ష జరుగుచున్నది. అందరును అర్ధఫర్లాంగు ముందునుండియే ఒక వరుసలోనికి తోసికొనక, రెండు వరుసలను చివరివరకు నింపుకొనివచ్చి, ఇరుకైనచోట ఇటునుండి ఒకరు అటునుండి ఒకరు చొప్పున కలిసినచో చాలును. జరిగినది ఎవ్వరికిని ఓటమిగా తోచదు.

నన్నడిగినచో, ఆ మైదానమున ఒక ఇరుకు కట్టి, ఇద్దరు అభ్యర్థులను రెండు దిక్కులనుండి ఒకేసారి విడిచిపెట్టవలెను. ఎవరు ముందు పోయిరన్నదానికి మార్కులు వేయక, ఇద్దరిలో ఎవ్వరును బ్రేకును గట్టిగా త్రొక్కకుండ పోయిరా అని ఇన్‌స్పెక్టరుగారు చూడవలెను. నవాబుల నగరమున పుట్టిన అభిమానముతో 'పహలే ఆప్' అని ఒకరికొకరు చేతులు చూపుచు ఆగి కూర్చున్నచో ఆ ఇద్దరిని కూడ తప్పింపవలసినదే. వారి వెనుకనున్న మూడవ అభ్యర్థి అప్పటికే హారను నొక్కుచుండును.